సంతకానికి ముందు అడగండి

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి, పొలం మీద వచ్చినదంతా ఖర్చులకే పోసిన కుటుంబాలను చూసినవారు పుట్టించిన మాట ఇది. దీనికి తోడు విశ్వాసులకు మరొక జంకు కూడా ఉంది. కొరింథు సంఘంలో సహోదరుని మీద సహోదరుడు వ్యాజ్యెమాడుటను గూర్చి అపొస్తలుడైన పౌలు గద్దించిన సంగతి మనకు తెలుసు. అందుచేత వకీలు గుమ్మం తొక్కడమే మనకు తగదని తలంచే పెద్దలు అనేకులున్నారు.

అయితే వ్యాజ్యెమాడుట వేరు, తెలిసినవారిని సలహా అడుగుట వేరు. కోర్టుల పాలైన కుటుంబ తగవుల మొదట్లోకి వెళ్లి చూస్తే, చదవకుండా చేసిన ఒక సంతకమో, దూలంలో చెక్కి మరచిపోయిన ఒక నోటీసో తరచుగా కనబడుతుంది. ఆ రోజు ఒక గంట కూర్చుని న్యాయవాదిని అడిగి ఉంటే ఆ తగవే పుట్టకపోవును. కనుక మన ఇళ్లలో తరచు వచ్చే ప్రశ్నలు కొన్నింటిని, వాటిలో ఎప్పుడు న్యాయవాదిని కలవాలో ఇక్కడ వివరిస్తున్నాము. గుర్తుంచుకోవలసిన వేళలు మూడు: సంతకం చేయక ముందు, గడువు ఉన్న కాగితం చేతికి వచ్చిన రోజు, మనిషి స్వేచ్ఛకు గాని ప్రాణానికి గాని ముప్పు వచ్చినప్పుడు.

అప్పు కాగితాలు

ప్రోనోటు లేని ఊరు లేదు. కాని దాని గడువు మూడేళ్లేనని చాలామందికి తెలియదు. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఆ లోపున అప్పు తీసుకున్నవారు కొంత చెల్లించి, నోటు వెనుక తమ చేతితో చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మరల మూడేళ్లు లెక్క. గడువు దాటిన తరువాత వేసిన చెల్లు ఈ లెక్కకు పనికిరాదు. నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయించాలి. స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తరువాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలూ లేదు.

అప్పు తీర్చేవారు మరవకూడనిది మరొకటి. డబ్బు పూర్తిగా ఇచ్చిన రోజే నోటు వెనక్కి తీసుకోవాలి. "ఇంట్లో ఎక్కడో ఉంది, రేపు ఇస్తాను" అంటే రసీదు రాయించుకోవాలి. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఎవరికీ ఇవ్వకండి. ఎంత అవసరంలో ఉన్నా అంకె, తేదీ రాసిన తరువాతే సంతకం.

చెక్కు బ్యాంకులో చెల్లక తిరిగివస్తే, ఆ సంగతి తెలిసిన 30 రోజులలోగా డబ్బు రావలసినవారు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందినవారికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆ పదిహేను రోజులలో చెల్లించకపోతే, ఆ తరువాత నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు వేయవచ్చు. ఇటు ఇచ్చినవారైనా, అటు పుచ్చుకున్నవారైనా ఈ దినాలు లెక్కపెట్టుకుని వెంటనే న్యాయవాదిని కలవాలి.

ఇక జామీను సంతకం. పూటపడుటను గూర్చి సామెతల గ్రంథం ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఆ భారాన్ని దాచలేదు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాని బాధ్యత ఎంతో జామీనుదారుని బాధ్యత అంతే. ముందు వానిని అడిగి, వాని ఆస్తి వేలం వేసి, అది చాలకపోతేనే మన దగ్గరకు వస్తారని అనుకోవడం పొరపాటు. బ్యాంకు నేరుగా మన మీదికే రావచ్చు.

పొలం, ఇంటి స్థలం

నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా వల్ల పూర్తి హక్కు రాదు. "అన్నదమ్ముల లాంటివాళ్లం, కాగితం ఎందుకు" అని కొన్నవారి బిడ్డలు, అమ్మినవారి బిడ్డలు ఎదురైనప్పుడు ఆ అన్నదమ్ముల మాటకు సాక్షి ఉండడు.

కొనేముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ తీస్తాము. మంచిదే. అయితే ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలే కనబడతాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, పంపకం కాని అక్కచెల్లెళ్ల వాటా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడకపోవచ్చు. అందుకే లింకు దస్తావేజులన్నీ న్యాయవాదికి చూపించి అభిప్రాయం తీసుకోవాలి. రెవెన్యూ రికార్డు కూడా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి చూడాలి. తెలంగాణలో 2020 నుంచి ధరణిలో ఉన్న భూమి వివరాలు 2025 నుంచి భూ భారతి కిందికి వచ్చాయి.

ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డు భూముల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. 1977 నాటి చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన కొన్ని పట్టాలకు వెసులుబాటు ఇచ్చారు. ఆ సవరణ తెలంగాణకు వర్తించదు. చవకగా వస్తున్నదని కొంటే డబ్బు, భూమి రెండూ పోవచ్చు. ఇటువంటి చోట దస్తావేజు లేఖరి మాట చాలదు, న్యాయవాదినే అడగాలి.

తండ్రి ఆస్తి ఎవరికి?

ఈ విషయంలో మన కుటుంబాల్లో అపోహలు ఎక్కువ. క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే, తల్లికి మూడింట ఒక వంతు వస్తుంది. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానం. కుమారుడని ఎక్కువ లేదు, కుమార్తె అని తక్కువ లేదు. పెళ్లి చేసి కట్నమిచ్చి పంపినా ఆమె వాటా పోదు. ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఆరు ఎకరాల పొలం, భార్య, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉంటే భార్యకు రెండు ఎకరాలు, నలుగురు బిడ్డలకు ఒక్కొక్క ఎకరం వస్తుంది. బిడ్డలలో ఒకరు ముందే చనిపోయి ఉంటే వారి వాటా వారి పిల్లలకు చెందుతుంది. పిల్లలు లేని దంపతులైతే భార్యకు సగం, మిగిలిన సగం భర్త తరపు రక్తసంబంధులకు.

"పాసు పుస్తకం మార్చడానికి మాత్రమే, ఒక సంతకం పెట్టమ్మా" అని అన్నదమ్ములు తెచ్చే కాగితం ఒక్కొక్కసారి హక్కు విడుదల పత్రమై ఉంటుంది. ఇష్టపూర్వకంగా వాటా వదులుకోవడం ఆమె ఇష్టం. కాని ఏమి వదులుకుంటున్నదో తెలిసి వదులుకోవాలి. చదువు రాని సహోదరి అయితే, ఆ కాగితాన్ని సంబంధం లేని మరొకరి చేత చదివించుకోవాలి.

తాతగారు హిందువు, తండ్రి క్రైస్తవుడు అయిన కుటుంబాలు మన సంఘాలలో చాలా ఉన్నాయి. మతం మారినంత మాత్రాన ఆ తండ్రి తన వారసత్వ హక్కును కోల్పోడు. 1850 నాటి చట్టమే ఆ సంగతి చెప్పింది. అయితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను ప్రకారం, మారుమనస్సు తరువాత పుట్టిన పిల్లలు క్రైస్తవులుగా ఉంటే హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరు. తాతగారు వీలునామా రాసి ఇస్తే మాత్రం తీసుకోవడానికి అడ్డు లేదు. ఇటువంటి కుటుంబాలు పెద్దలు బ్రతికి ఉండగానే న్యాయవాదితో మాట్లాడుకోవడం మేలు. పెద్దలు కన్నుమూసిన తరువాత దిద్దుకునే దారి ఉండదు.

వీలునామా రాసేవారికి

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తరువాత అనుమానాలు తగ్గుతాయి. రాసినవారు సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు దానిని చూసి, రాసినవారి ఎదుట తాము సంతకం చేయాలి.

క్రైస్తవులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతులు రెండున్నాయి. వీలునామాకు సాక్షి సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు లేక భర్తకు గాని ఆ వీలునామాలో ఏదైనా రాసి ఉంటే ఆ భాగం చెల్లదు. ఇంట్లో ఉన్నవారినే సాక్షులుగా పెట్టే అలవాటు వల్ల చిన్న కుమారునికి రాసిన ఇల్లు అతనికి దక్కకుండా పోవచ్చు. పాస్టరు గారికి ఏదైనా రాస్తే వారు సాక్షిగా ఉండకూడదు. రెండవది, వీలునామా రాసిన తరువాత ఆ వ్యక్తి వివాహం చేసుకుంటే ఆ వీలునామా రద్దవుతుంది. రెండవ వివాహం చేసుకున్నవారు మరల రాయాలి.

సంఘానికి గాని ధర్మకార్యాలకు గాని ఆస్తి రాయాలనుకున్న క్రైస్తవులకు పూర్వం ఒక ఆంక్ష ఉండేది. ఆ 118వ సెక్షనును సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది. భారతీయ క్రైస్తవుల వీలునామాలకు ప్రొబేటు తప్పనిసరి అన్న నియమం కూడా 2002 సవరణతో తొలగింది.

బ్రతికి ఉండగానే ఆస్తిని బిడ్డల పేర రిజిస్టరు చేసే తల్లిదండ్రులకు ఒక మనవి. వీలునామాను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్టు దస్తావేజును అలా మార్చలేము. ఇవ్వదలిస్తే "మమ్మును పోషించి చూసుకోవలెను" అనే షరతును ఆ దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద, ఆ షరతు తప్పిన బిడ్డకు ఇచ్చిన ఆస్తిని రద్దు చేయమని ఆర్.డి.ఓ. గారి ట్రిబ్యునలులో అడగవచ్చు. నోటి మాటను నమ్ముకుంటే ఆ మార్గం కష్టమవుతుంది. పోషణ ఖర్చు ఇప్పించమని అదే ట్రిబ్యునలులో వృద్ధులు స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు.

కాపురంలో కలతలు

భార్యాభర్తలు విడిపోయినప్పుడు పెద్దమనుషులు కూర్చుని, తెల్ల కాగితం మీద "ఇకమీదట ఒకరికొకరికి సంబంధం లేదు" అని రాయించి పంపుతారు. క్రైస్తవుల విషయంలో ఆ కాగితం విడాకులు కాదు. కోర్టు డిక్రీ వల్లనే వివాహం రద్దవుతుంది. ఆ కాగితాన్ని నమ్మి మరొక వివాహం చేసుకుంటే నేరమవుతుంది, రెండవ ఇంటికి వెళ్లిన సహోదరికి భార్య హోదా రాదు. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే మార్గం 1869 నాటి విడాకుల చట్టంలో 2001 సవరణతో వచ్చింది. సమాధానపరచుట మన మొదటి బాధ్యతే. అయితే దెబ్బలు తింటున్న సహోదరికి సర్దుకొమ్మని చెప్పి పంపడం సమాధానం కాదు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ, నివాసం, పోషణ ఆమె అడగవచ్చు. 181 మహిళా హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు.

నోటీసు, పోలీసు, ప్రమాదం

రిజిస్టరు ఉత్తరం వస్తే "మాకు వద్దు" అని పోస్టుమ్యానును తిప్పి పంపే అలవాటు మన పల్లెల్లో ఉంది. తీసుకోకపోయినా అందినట్లే కోర్టు లెక్కిస్తుంది. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజులలో జవాబు దాఖలు చేయాలి. కోర్టు ఇష్టపడితే 90 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. రాకుండా ఉంటే ఎదుటివారి మాట మీదనే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. అది రద్దు చేయించుకోవడానికి సాధారణంగా 30 రోజులే గడువు. కాగితం అందిన తేదీని దాని మీదే రాసుకుని, ఆ వారంలోనే న్యాయవాదిని కలవండి.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడానికి న్యాయవాది అక్కరలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, తీవ్రమైన నేరమైతే అది ఏ స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు నమోదు చేయాలి, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్.పి. గారికి పోస్టులో పంపవచ్చు. సాక్ష్యం కోసం స్త్రీలను స్టేషనుకు పిలవకూడదు, వారి ఇంటి వద్దనే విచారించాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఆ గంటలలోనే న్యాయవాది కావాలి. ఊరి పెద్ద మాట్లాడతాడులే అని ఆగవద్దు.

రోడ్డు ప్రమాదంలో చనిపోయినా, గాయపడినా నష్టపరిహారానికి ట్రిబ్యునలులో అర్జీ వేయాలి. 2022 ఏప్రిల్ నుంచి దీనికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువును గూర్చి సుప్రీంకోర్టు వరకు వాదం వెళ్లింది గాని, మనం మాత్రం ఆరు నెలలు దాటనివ్వకూడదు. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి.

వకీలు లేకుండా జరిగే పనులు

జననం, మరణం 21 రోజులలోగా ఉచితంగా నమోదు చేయించవచ్చు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు అనేక పనులకు పుట్టిన తేదీ రుజువు జనన ధృవపత్రమే. బాప్తిస్మపు రిజిస్టరు దానికి బదులు కాదు.

నకిలీ విత్తనాల వల్ల పంట పోయిన రైతు వినియోగదారుల కమిషనులో తానే ఫిర్యాదు వేసి తానే వాదించుకోవచ్చు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది. 5 లక్షల వరకు విలువైన ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. విత్తనాల రసీదు, సంచి, మిగిలిన గింజలు దాచుకోండి. వ్యవసాయ అధికారిని పిలిపించి పంట చూపించి నివేదిక తీసుకోండి.

డబ్బు లేనివారి మాట ఏమిటి?

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. దీని కింద స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇస్తారు. ఆదాయ పరిమితికి లోబడిన ఇతర పేదలకు కూడా ఇస్తారు. స్త్రీలందరికీ, ఏ మతమువారైనా ఈ హక్కు ఉన్నది. దగ్గరలోని కోర్టు ఆవరణలో ఉన్న మండల లేక జిల్లా న్యాయ సేవా కార్యాలయానికి తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

రాజీ కోరేవారికి లోక్ అదాలత్ మంచి మార్గం. ఫీజు లేదు. కోర్టులో ఉన్న దావా అక్కడ పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి ఇస్తారు. సహోదరులు రచ్చకెక్కకుండా సమాధానపడడానికి ఇది తగిన చోటు. అయితే అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. కనుక రాజీ పత్రమైనా చదివి, అర్థం చేసుకున్న తరువాతే సంతకం చేయాలి.

న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడు

జరిగినదంతా తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మనకు వ్యతిరేకమైన సంగతి కూడా దాచకండి. చెప్పినదాన్ని బయటపెట్టకూడదని చట్టమే న్యాయవాదిని కట్టడి చేసింది. ఫీజు ఎంతో, ఏ పనికో మొదటే అడగండి. గెలిచిన భూమిలో వాటా తీసుకుంటానని ఒప్పందం చేసుకోవడం న్యాయవాదుల నియమాలకు విరుద్ధం. అసలు దస్తావేజులు ఇవ్వవలసి వస్తే రసీదు తీసుకోండి. కేసు వేసిన తరువాత 16 అంకెల సి.ఎన్.ఆర్. నంబరు అడిగి రాసుకుంటే, తరువాత వాయిదా ఎప్పుడో ఇంట్లో చదువుకున్న పిల్లలు సెల్‌ఫోనులో ఉచితంగా చూసి చెప్పగలరు.

ప్రియ పాఠకులారా, ఈ నెలలో ఒక సాయంకాలం భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుని మీ ట్రంకు పెట్టె తెరవండి. దస్తావేజులు, పాసు పుస్తకాలు, ప్రోనోట్లు, బాండ్లు, జనన మరణ పత్రాలు వేరువేరుగా పెట్టండి. గడువు దగ్గరపడిన నోటు ఉన్నదా, జవాబు ఇవ్వని నోటీసు ఉన్నదా, పెద్దవారి పేరనే మిగిలిపోయిన పొలం ఉన్నదా చూడండి. అర్థం కాని కాగితం ఏదైనా ఒక్కటి ఉంటే, ఈసారి పట్నం వెళ్లినప్పుడు దానిని సంచిలో పెట్టుకుని వెళ్లి న్యాయవాదికి చూపించండి.